పెద్దమ్మ మీద పడిన నింద

మా పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. ధూల్‌పేటలో మా గల్లీ పిల్లలు చాలామంది ఆమె అరుగు మీదే పెరిగారు. అయినా చివరి పదేళ్లూ అందరూ ఆమెను ‘అఫీం ముసల్ది’, అంటే పిల్లలకు నల్లమందు పట్టే ముసల్ది, అన్నారు. ఆ పేరు రావడానికి కారణం నేను. ఇది చదివేవాళ్లకు ఆ సంగతే ముందు చెప్పాలి.

తల్లులం గుండీల కార్ఖానాకు పోతే మా పిల్లలను ఆమే చూసుకునేది. గంజి తాగించే ముందు తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకొని వేడి చూసేది. ఎంత సతాయించినా చెయ్యెత్తేది కాదు. "ఏడ్వనియ్యుండ్రి. మాటలు రాని పిల్ల, ఇంకెట్ల చెప్తది?" అనేది.

నా బిడ్డకు ఎనిమిదో నెలలో పళ్లొస్తూ ఒకటే ఏడుపు. ఇంత ఏడ్చే పిల్లను పెద్దమ్మ వద్దంటుందేమోనని నా భయం. అప్పట్లో నల్లమందు సర్కారు దుకాణాల్లోనే అమ్మేవాళ్లు; మా మామ దగ్గర అక్కడ కొన్న డబ్బీ ఒకటి ఉండేది. మోకాళ్ల నొప్పికి హకీం చెప్పాడని మొదలుపెట్టి, నొప్పి తగ్గినా మానలేకపోయాడు. కార్ఖానాకు పోయే ముందు అందులోంచి కాస్త గిల్లి, పాలలో కలిపి పిల్లకు పట్టాను. నిద్రపోయింది. మర్నాడూ పట్టాను. వారం తిరిగేసరికి అది చాలలేదు. ఇంకాస్త పెంచాను.

ఒక మధ్యాహ్నం కార్ఖానాకు కబురొచ్చింది. నేను దవాఖాన చేరేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఉండీ లేనట్టుంది. చెప్పులు కూడా లేకుండా ఎండలో పిల్లను ఎత్తుకొచ్చిన పెద్దమ్మ అరికాళ్లు బొబ్బలెక్కాయి. డాక్టరు పిల్ల కనురెప్పలు ఎత్తి చూశాడు.

"అఫీం కిస్నే దియా?" నల్లమందు ఎవరిచ్చారని అడిగాడు.

నా వెనకే వచ్చిన మా ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. "నల్లమందు పట్టి పండవెట్టి, నువ్వు ఆరాంగ కూసుంటున్నవా?"

ఆమె నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"ముందుగాల పిల్లను బతికియ్యుండ్రి. లొల్లి తర్వాత" అంది.

బిడ్డ బతికింది. ఆ తర్వాత ఒక్క తల్లీ పెద్దమ్మకు పిల్లను అప్పజెప్పలేదు. ఖాళీ అరుగు మీద ఆమె ఒక్కతే కూర్చునేది. నేను అటు చూడకుండా నడిచేదాన్ని.

మూడేళ్లకు ధైర్యం చేసి వెళ్లాను. "పెద్దమ్మా, ఆ మందు..." అన్నాను.

"ఆ దినమే తెల్సింది. పిల్ల నోట్ల వాసనొచ్చింది."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు చెప్తవని చూసిన బిడ్డా. నాకేం వద్దు. ఇంకెవరన్న పిల్లలకు మందు పడుతున్నరేమో, వాళ్లకు చెప్పు" అంది.

చెప్తానన్నాను. చెప్పలేదు. మా ఆయనకు భయపడి, గల్లీకి భయపడి మరో ఏడేళ్లు నోరు మూసుకున్నాను. నా బిడ్డ బడికి పోతుంటే ఆమె మాత్రం గుమ్మంలో నిలబడి, కనుమరుగయ్యేదాకా చూసేది.

మంగళవారం ఆమెకు చివరి స్నానం చేయిస్తుంటే ఒకామె, "ఎంతమంది పిల్లలకు పట్టిందో" అంది. అప్పుడు నాకు నోరు పెగిలింది.

"నా బిడ్డకు నేనే పట్టిన. పెద్దమ్మ పట్టలే."

నీళ్లు పోసే చెయ్యి ఆగింది. బయట మగవాళ్ల మాటలూ ఆగాయి.

గోడవారగా ఒక పడుచు తల్లి, భుజం మీద పసిబిడ్డతో నిలబడి ఉంది. అప్పటిదాకా ఆడవాళ్లు అంత ఏడ్చినా ఆ బిడ్డ కళ్లు తెరవలేదు. ఆమె నన్ను చూసింది. తర్వాత బిడ్డ ముఖం చూసింది. ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచి, గల్లీ మలుపు రాకముందే దవాఖాన వైపు పరుగందుకుంది.