ఆమ్ బిధా నోరు, చిమి దేమ్ నిచ్చెన

బిధా నోటికి భూటాన్‌లోని హా లోయలో ఎదురు లేదు. ఈ మాట ఆమె వెనక అన్నవాళ్లున్నారు, ముఖం మీద అన్నవాళ్లూ ఉన్నారు. ముఖం మీద అన్నవాళ్లు మాత్రం కాస్త దూరంగా నిలబడి అన్నారు.

విలుకాళ్ల పోటీలో బాణం వేయడం సగం పనే. మిగతా సగం ఆడవాళ్లది. ఎదుటి ఊరివాడు గురి చూసే వేళకు పక్కన చేరి, ఆడి పాడి, వాడి ముక్కునూ నడకనూ పెళ్లాన్నీ కలిపి ఉతికి ఆరేయాలి. వాడి చెయ్యి వణకాలి. ఒంటికి చుట్టుకున్న కిరా బట్ట జారకుండా నిలిచిన నాటి నుంచీ బిధా చేస్తున్న పని అదే. కింది ఊరి విలుకాడు నిడుప్ ఒకసారి ఆమె పాట దెబ్బకు వేసిన బాణమల్లా పొలాల్లో పారేసుకుని, ఆ సాయంత్రమే సారా సీసా పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాడు. "ఎదురుగా నిలబడి నీతో గెలవలేను, పక్కన ఉండి చూస్తాను," అన్నాడు. చచ్చేదాకా చూశాడు పాపం, గెలవలేదు.

బడి ఆ లోయకొచ్చేసరికి బిధా యాక్‌లు కాస్తోంది. ఒక్క వేసవి వెళ్లింది. అక్షరాలు నేర్వాలంటే కుదురుగా కూర్చోవాలన్నారు. కూర్చోవడం ఆమెకు పట్టుబడలేదు. ఉన్నది నోరొక్కటే. ఆస్తి అన్నా అదే, పరువు అన్నా అదే.

ఆ పరువు కాస్తా కిందటేడు లోంబా పండగ నాడు, లోయ కొత్త సంవత్సరపు పోటీలో పోయింది. పోగొట్టింది ఆమె మేడ మీద కాపురముంటున్న మనిషి.

బిర్గిట్ అని, ఆస్ట్రియా నుంచి కింది ఊరి బడికి పాఠాలు చెప్పడానికొచ్చింది. మంచి పిల్లే. గిన్నెలు తోముతుంది, కుక్కను తిట్టదు. కానీ ఒక పిచ్చి ఉంది. దేశదేశాల్లో ఉన్న స్నేహితులంతా కలిసి పందెం వేసుకున్నారట, రోజుకొక ఫొటో. ఏ రోజు ఫొటో ఆ రోజే తీయాలి, పొద్దు పోయేలోగా ఫోన్‌లో పెట్టాలి, తాను బతుకుతున్న చోటిదే అయుండాలి. ఒక్కరోజు తప్పితే పందెంలోంచి అవుట్. దాంతో ఆ పిల్ల ఆవు ఈనుతుంటే తీసేది, పెంకుల మీద మిరపకాయలు ఆరేస్తుంటే తీసేది, ఏమీ దొరకని రోజు బిధా చెప్పులు తీసేది.

కిందటి లోంబాకు వారం ముందు, పండగకని వండిన హొంటే కుడుములు మెక్కి, సారా రెండు గుక్కలు పట్టించి, ఎండలో గోడకు ఆనుకుని బిధా కునికింది. నోరు తెరుచుకుంది. లోపల వక్కతో ఎర్రబడ్డ మిగిలిన పళ్లు, పెదవి చివర్నుంచి ఎర్రటి చొంగ. బిర్గిట్ అది తీసి, కింద 'ప్రశాంతత' అని రాసి, లోకం మీదకు వదిలింది. లోకం చూసి ఊరుకుంది. కింది ఊరు ఊరుకోలేదు.

కింది ఊరి ఆడవాళ్లకు పెద్ద చిమి దేమ్. నోరు బిధాకున్నంత లేదు గానీ బుర్ర ఉంది. ఆ ఫొటోను థింఫూ పంపి మంచం దుప్పటంత ఫ్లెక్సీ కొట్టించింది. పోటీ రోజున రెండు వెదురుబొంగులకు కట్టి, గురిచెక్క పక్కన పాతి పాడింది.

మా చెక్క చిన్నది, మీ కన్ను మసకది
పాపమని పెద్ద గురి తెచ్చాం
బిధా నోట్లో వేయండి బాణం
ఇంతవరకు అందులో పడనిది లేదు

రెండూళ్లూ నవ్వాయి. సొంత ఊరివాళ్లు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వారు, బిధా చూసింది. జవాబు కోసం నోరు తెరిచింది. తెరిచిన నోరు అచ్చం ఆ బొమ్మలోలాగే ఉండేసరికి నవ్వు రెట్టింపైంది. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మాట రాకపోవడం అదే మొదలు. ఆ రోజు బిధా వాళ్ల పై ఊరు ఓడిపోయింది.

బిర్గిట్‌ను ఇల్లు ఖాళీ చేయించమని చెప్పినవాళ్లున్నారు. బిధా చేయించలేదు. పొగబెట్టి పంపేస్తే కోపం ఒక్కపూటలో అయిపోతుంది, దగ్గరుంచుకుంటే రోజూ ఉంటుంది. అందుకని కూరలో మిరపకాయలు రెట్టింపు వేసింది. పొద్దున్నే కిరా కట్టిపెట్టడం మానేసింది, ఆ పిల్ల బడికి మూటలా వెళ్లేది. ఇంకొక షరతు పెట్టింది.

"ఏ ఫొటో అయినా ముందు నాకు చూపించాకే బయటికి పోవాలి. నేను సరే అనకపోతే పోకూడదు."

"సరే అమ్మా. తప్పు నాది. నీకు కోపం పోయిందా?"

"కోపమా, నాకెందుకు? టీ తాగు."

ఏడాది గడిచింది. మళ్లీ లోంబా వస్తోంది. పై ఊరి ఆడవాళ్లు చావడిలో కూడి గుసగుసలాడారు. ముందు నిలబడి పాడడానికి లెకీ అనే కుర్రదాన్ని అనుకున్నారు. లెకీ గొంతు కోకిలే, మాటే సున్నా. జట్టు పెద్ద దాగో బిధాకు అన్న కొడుకు. ఆ కబురు మోయడం అతని వంతైంది.

"అత్తా, ఈ ఒక్కసారికి నువ్వే ముందుండు. కానీ కిందటేడు లాగా నోరు పడిపోతే మటుకు వచ్చే ఏటినుంచి లెకీయేనట. అందరూ అనుకున్నారు."

"అందరూ అంటే నువ్వు కూడానా?"

దాగో చేతిలో టీ గిన్నె వైపు చూశాడు. "నన్నెందుకు అడుగుతావులే అత్తా."

"పోరా. టీ తాగి పో. ఆ లెకీని పాటలు నేర్చుకోవద్దని చెప్పు, శ్రమ దండగ."

పైకి అలా అంది గానీ, ఆ వారమంతా ఆమెకు ముద్ద దిగలేదు. చిమి దేమ్ ఆ ఫ్లెక్సీని చుట్టి దాచిందని, మళ్లీ తెస్తుందని తెలుసు. దానికి జవాబు ఆలోచించి ఆలోచించి ఒక్కటీ దొరకలేదు.

పండగ నాడు తెల్లారకముందే బిర్గిట్ టోపీ పెట్టుకుని కింది ఊరి వైపు పోయింది. బిధా పొయ్యి ముందు కూర్చుని టర్నిప్ ఆకు కూరిన హొంటేలకు అంచులు నొక్కుతుంటే తిరిగొచ్చింది, ముక్కు ఎర్రగా.

"అమ్మా, ఇవాళ్టి ఫొటో. మంచు, మెట్లు. చాలా అందం."

బిధా పిండి చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఒక ఇంటి గుమ్మం కింద కొయ్యనిచ్చెన. మెట్ల నిండా తెల్లటి మంచు, పిండి జల్లినట్టు. మంచు మీద అడుగుల గుర్తులు. ఫొటో అంచున గోడ మలుపు తిరుగుతూ ఒక మనిషి.

"ఆ మనిషిని పెద్దది చెయ్యి."

బిర్గిట్ వేళ్లతో సాగదీసింది. ఒంటి మీది ఘో అంగీ ముందు తెరుచుకుని ఉంది. కట్టుకోవాల్సిన నడికట్టు ఆ మగాడి పళ్ల మధ్య ఉంది.

"ఇప్పుడు నిచ్చెన."

నాలుగో మెట్టుకు కొత్త చెక్క. ఆ మెట్టు విరిగి చిమి దేమ్ కిందటి నెల జారి పడిందని బిధా విని సంతోషించింది కూడా. నిచ్చెన చిమి దేమ్‌ది. మనిషి ఆమె మొగుడు ఖాండు, కింది ఊరి విలుకాళ్లలో మొనగాడు.

అడుగులను మళ్లీ చూసింది. అన్నీ కిందికే ఉన్నాయి. ఎక్కినవి ఒక్కటీ లేవు. అంటే మంచు పడకముందే ఎక్కాడు, తెల్లారాక దిగాడు.

పోటీకి ముందు రాత్రి విలుకాళ్లు ఇల్లు చేరకూడదు. జట్టంతా గడ్డికొట్టంలో ఒకే చోట పడుకోవాలి. ఆడదాని చెయ్యి విల్లుకు తగిలితేనే అరిష్టమంటారు, ఇక పక్క పంచుకుంటే చెప్పేదేముంది. ఒకడు తప్పితే జట్టు మొత్తానికి దెబ్బ.

బిధా హొంటేలు పొయ్యి మీద పెట్టింది. ఏడాదిగా గడ్డకట్టినదేదో గుండెలో కరిగి, వెచ్చగా గొంతులోకి వచ్చింది.

"బాగుందా అమ్మా? పెట్టనా?"

"బాగుంది. ఇప్పుడే పెట్టకు. సాయంత్రం చెబుతాను. ఇలా రా, ఆ కిరా అలా కట్టుకుని పోటీకి వస్తావా? నా పరువు తీయడానికా?"

ఏడాది తరవాత ఆమె చేత్తో కట్టింది. బిర్గిట్ కళ్లు తుడుచుకుంది. ఎందుకు కట్టిందో ఆ పిచ్చిపిల్లకేం తెలుసు.

దాగోకు మాత్రం చెవిలో చెప్పింది. అతను గంతేశాడు. "ఫోన్ పట్రా అత్తా, వాళ్ల పెద్దలకు చూపిద్దాం. పోటీ అక్కడే ఆగిపోతుంది."

"ఫోన్ చూపిస్తే ఫోన్ గెలుస్తుంది. నేను గెలవాలి. నోరు మూసుకుని బాణాలు వెయ్."

మైదానంలో అనుకున్నట్టే ఫ్లెక్సీ లేచింది. ఏడాదిలో రంగు వెలిసింది గానీ చొంగ మాత్రం ఎర్రగానే ఉంది. చిమి దేమ్ అదే పాట ఎత్తుకుంది. బిధా ఒక మూల కూర్చుని వక్క నమిలింది. పొద్దు నడినెత్తికొచ్చింది, వాలింది. పాయింట్లు అటూ ఇటూ సమానంగా నడుస్తున్నాయి. ఆమె లేవలేదు. వెనక లెకీ నెమ్మదిగా గొంతు సవరించుకుంది.

"ఆమ్ బిధా," అని చిమి దేమ్ అటు నుంచి అమ్మగారిని పిలిచినట్టు సాగదీసి కేకేసింది. "నిద్ర వస్తోందా? పడుకో, పడుకో. కొత్త బొమ్మ కొట్టిస్తాం, పాతది వెలిసింది."

"కొట్టించమ్మా. చెయ్యి తిరిగినదానివి."

చివరికి ఆట ఒక్క దెబ్బ మీదకొచ్చింది. ఖాండు చెక్కకు కొడితే కింది ఊరిదే గెలుపు. అతను కాళ్లు తన్నిపెట్టి, విల్లెత్తి నారి లాగాడు. అప్పుడు లేచింది బిధా. పరిగెత్తలేదు. కిరా దులుపుకుని, అతని పక్కకు నడిచి, పాడింది.

నిచ్చెన మీద మంచు కురిసింది
దిగిన అడుగులున్నాయి, ఎక్కినవి లేవు
రాత్రంతా ఎక్కడున్నాడో విలుకాడు
నాలుగో మెట్టు కొత్త చెక్కనడగండి

ఖాండు చెక్క వైపు చూడలేదు, పెళ్లాం వైపు చూశాడు. బాణం బంగాళాదుంపల పొలంలో పడింది. అతని జట్టు మొత్తం అతని వైపు తిరిగింది. వంతుకు రెండు బాణాలు, ఇంకొకటి ఉంది. ఎక్కుపెట్టాడు.

నడికట్టు ఉండాల్సింది నడుముకు
పళ్ల మధ్యకెందుకొచ్చింది తెల్లారేసరికి
విల్లు వంచే మొనగాడా
నిన్ను వంచిందెవరు ఈ రాత్రి

విల్లు కిందికి దిగిపోయింది. కింది ఊరి జట్టు పెద్ద అతని దగ్గరికొచ్చి, "ఏరా, ఏమిటి ఈవిడ వాగుతోంది? నువ్వు మా పక్కనే కదా పడుకున్నావ్?" అన్నాడు.

నోరు మూసుకుని ఉంటే ఆ మొగుడూ పెళ్లాలు బతికిపోయేవాళ్లు. ఖాండు నోరు విప్పాడు. "హొంటేలు వేడిగా ఉన్నాయి, తినిపొమ్మంది. తిన్నానంతే."

"తెల్లారేదాకా తిన్నావా?" అంది లెకీ. ఆ పిల్ల ఆ రోజు ఆడిన మంచి మాట అదొక్కటే.

మైదానం కూలిపోయేలా నవ్వింది. కింది ఊరివాళ్లు నవ్వలేదు. వాళ్ల పెద్ద ఖాండు చేతిలోంచి విల్లు లాగేసుకున్నాడు. తరవాతి వంతులో దాగో కొట్టిన బాణం చెక్కలో దిగింది. పై ఊరివాళ్లు గురి కొట్టినందుకు గుర్తుగా అతని నడుముకు పట్టు గుడ్డ కట్టి ఆడారు.

పొద్దు కొండ మీదకు వాలుతుంటే చిమి దేమ్ వచ్చింది. మొహం ఎర్రబడింది, గొంతు తగ్గింది.

"ఆమ్ బిధా, మీకెవరు చెప్పారు?"

కిందటేడు నుంచి 'నువ్వు' అన్న మనిషి 'మీరు' అనేసరికి బిధా ఆ మాటను వక్కలాగా కాసేపు నమిలింది. తరవాత బిర్గిట్‌ను పిలిచి ఫోన్ చూపించమంది. చిమి దేమ్ చూసింది. తెరుచుకున్న ఘో, పళ్ల మధ్య నడికట్టు, తన నిచ్చెన.

"ఇది లోకం మీదకు పోతుందా?"

"ఇంకా పోలేదు. రోజుకొకటే ఫొటో పెడుతుందీ పిల్ల. పొద్దు పోయేలోగా పెట్టాలి. ఇంకో మంచిది దొరికితే ఇది ఆగిపోతుంది."

"ఏది దొరికితే?"

బిధా గడ్డంతో ఫ్లెక్సీ వైపు చూపించింది. "దాన్ని తీసుకుపోయి నీ గుమ్మానికి, నిచ్చెన పైన కట్టు. నీ చేత్తోనే మేకులు కొట్టు. మళ్లీ లోంబా దాకా దింపకూడదు. ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ చూస్తుంటాను."

"నా ఇంటికొచ్చేవాళ్లంతా నవ్విపోరూ? ఏడాది పొడుగునా?"

"నేను ఏడాది మోశాను కదమ్మా. నాకేమైనా అయిందా?"

చిమి దేమ్ వాలుతున్న పొద్దు వైపు చూసింది. పొద్దు ఆగలేదు. చివరికి బొంగులు పెరికి, ఫ్లెక్సీ చుట్టి భుజాన వేసుకుని నడిచింది. వెనక బిధా, ఆ వెనక బిర్గిట్, ఇంకా వెనక రెండూళ్ల జనం.

చిమి దేమ్ నాలుగో మెట్టు మీద నిలబడి మేకులు కొట్టింది. ఒకటి వేలికి తగిలింది. బిధా నోరు గుమ్మమంత వెడల్పున, ఎర్రగా తెరుచుకుంది. బిర్గిట్ ఫొటో తీసింది.

"అమ్మా, ఇప్పుడు నీకు కోపం లేదు కదా? దీని కింద ఏం రాయను?"

"అదే రాయి. కిందటేడు రాసిందే. ప్రశాంతత."

"పొద్దున్నే తీసింది తుడిచేయనా? వాడలేదు కదా."

బిధా నిచ్చెన మీది చిమి దేమ్‌ను చూస్తూనే, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఎందుకు తుడవడం? దాచు. వచ్చే ఏడు కూడా లోంబా వస్తుంది."