శ్రీశైలమ్మ చూసిన హంపీ

గిద్దలూరు బజారులో బట్టల దుకాణం రంగనాయకులుగారి కుటుంబం ఏ యాత్రకు బయల్దేరినా బండిలోకి ముందు ఎక్కేవి వంటగిన్నెలు, ఆ తర్వాత శ్రీశైలమ్మ. అహోబిలం, తిరుపతి, శ్రీరంగం, మధుర... ఆమె వెళ్ళని క్షేత్రం లేదు. "ఎంత పుణ్యం చేసుకున్నావో శ్రీశైలమ్మా!" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు. ఆ మాటలు వింటే ఎవరికైనా ఒళ్ళు మండాలి. ఆమె చూసింది సత్రాల వంటిళ్ళు! అందరూ గోపురాలూ కోటలూ చూసి వచ్చేసరికి విస్తళ్ళు వేసి ఉండాలి కదా. మడి కట్టుకున్న మనిషి గడప దాటితే మడి పోయె, వంట ఆగిపోయె. మధుర మీనాక్షి గుడి గంట ఆమె విన్నది, అంతే.

ఆమె పరాయిది కాదు. రంగనాయకులుకు వరసకు పిన్నమ్మ. ఆయన భార్య కోటిరత్నం 'చిన్నత్తా' అని నోరారా పిలిచేది. శ్రీశైలమ్మ పెనిమిటి సుబ్బన్న ఆ దుకాణం వాళ్ళ బట్టల మూటలే బండికెత్తుకుని తిరునాళ్ళు తిరిగి అమ్మేవాడు. ఒక ఏడు హంపీ రథోత్సవానికి పోయినవాడు తిరిగి రాలేదు. అక్కడ కలరా తగిలింది. బండి తోలుకుపోయిన వెంకటస్వామి ఒక్కడే వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

"ఏటి ఒడ్డున రాములవారి గుడి దాటినాక ఒక పెద్ద బండ ఉంటది వదినా. దాని పక్కనే దహనం చేసినాం. ఆ హడావుడిలో నీళ్ళు వదిలేదానికి కూడా ఎవరూ నిలబడలేదు. నన్ను క్షమించు."

కర్మకాండ గిద్దలూరులో జరిగింది. జరిగితే మాత్రం ఏమి? ఆయన పోయిన చోట అయినవాళ్ళెవరూ ఒక దోసెడు నీళ్ళు వదల్లేదన్న బాధ ఆమెను ముప్పొద్దులా తినేసింది. పిల్లాజెల్లా లేదు. ఒంటరి ఆడది, అందులోనూ విధవ, హంపీకి ఎవరితో వెళుతుంది? తలనెరిసేదాకా అది తీరని కోరికగానే ఉండిపోయింది.

అలాంటిది ఒకనాడు కోటిరత్నమే వచ్చి, "చిన్నత్తా, గిన్నెలు సర్దు, హంపీకి పోతాండాం" అంది. శ్రీశైలమ్మ ఆ మాట పూర్తికాకముందే గిన్నెలు దించడం మొదలుపెట్టింది.

కోటిరత్నం కూతురు రాజ్యలక్ష్మికి అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఈసారి బిడ్డ దక్కితే పుట్టెంట్రుకలు విరూపాక్షస్వామికి ఇస్తామని మొక్కుకున్నారు. బిడ్డ దక్కింది. అందుకే ఈ ప్రయాణం. అయినా కోటిరత్నానికి లోపల బెదురు పోలేదు. ఎవరైనా చావు మాట ఎత్తితే చాలు, పసివాణ్ణి గుండెకు హత్తుకుని వణికిపోయేది. ఇక ఆమె దగ్గర తన పెనిమిటికి నీళ్ళు వదలాలన్న మాట ఎలా ఎత్తడం?  శ్రీశైలమ్మ తర్పణానికి నల్ల నువ్వులు కాసిని కొంగున ముడివేసుకుని, ఎవరికంటా పడకుండా బొడ్లో దోపుకుంది.

గుంతకల్లులో రైలు మారి, హోసపేటలో దిగి, ఎద్దుల బండ్ల మీద హంపీ సత్రానికి చేరారు. మర్నాడు పొద్దున అందరూ మొక్కు తీర్చడానికి గుడికి వెళ్ళారు. శుభకార్యంలో విధవ ముఖం ఎందుకని శ్రీశైలమ్మ తనంతట తానే సత్రంలో ఉండిపోయి వంట చేసింది. పక్కనే ఏరు. నీళ్ళ చప్పుడు పొయ్యి దగ్గరికి వినిపిస్తూనే ఉంది. వీళ్ళు భోంచేసి నడుం వాల్చగానే బిందె తీసుకుని నీళ్ళకన్నట్టు వెళ్ళి రావాలి. అదీ ఆమె ఎత్తు.

అందరూ భోంచేశారు. ఎవరూ నడుం వాల్చలేదు.

"చిన్నత్తా, ఎన్ని ఊర్లు తిరిగినా నిన్ను పొయ్యి కాడనే కూర్చోబెడితిమి," అంటూ కోటిరత్నం ఆమె చేతిలోని గరిటె లాక్కుంది. "నాకే సిగ్గేస్తాంది. ఇయ్యాల నువ్వు మాతో రావాల. రాజుల మేడలన్నీ చూద్దువు గానీ."

"నేనెందుకమ్మా, ముసలిదాన్ని. ఏటి కాడికి పోయొస్తా."

"ఏరు ఏడికి పోతది? లే, లే!"

"మళ్ళ సత్రానికే వస్తాం గదా?"

"రాక ఏడికి పోతాం?"

కోటిరత్నం చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే ఎంత బాగుండేది! చెడ్డవాళ్ళతో అయితే పోట్లాడవచ్చు. ఆమె చేయి పట్టుకుని, కన్నతల్లిని నడిపించినట్టు నడిపించింది. రాణులు స్నానాలు చేసిన కొలను చూపించింది. కమల మహలు చూపించింది. "చూడు చిన్నత్తా, ఆ పైన రాతి పూలు చూడు!" అని తానే మురిసిపోయింది. శ్రీశైలమ్మ తలెత్తి చూసింది. ఆమెకు పొద్దు వాలడమే కనిపించింది.

ఏనుగుల సాల దగ్గర అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఒక్కొక్క ఏనుగుకు ఒక్కొక్క గది, ఒక్కొక్క గదికి ఒక్కొక్క గుమ్మటం. శ్రీశైలమ్మ ఒక గదిలోకి వెళ్ళి చల్లని గోడకు వీపు ఆనించి నిలబడింది. ఏనుగులకు ఇంత నీడ కట్టించిన ఊళ్ళో తన మనిషి ఎండలో కాలిపోయాడు కదా అనుకుంది. బయటికొచ్చి, "రత్నం, ఇంక సత్రానికి పోదామా?" అని అడిగింది.

అప్పుడు రంగనాయకులు అందుకున్నాడు. "సత్రానికి ఎందుకు పిన్నమ్మా? సామానంతా ముందు బండిలో హోసపేటకు పంపించినా. మనం ఇట్నుంచి ఇట్లే టేసనుకు పోతే రైలు అందుతది."

బండి కదిలింది. శ్రీశైలమ్మ వెనక్కి తిరిగి కూర్చుని హోసపేట వచ్చేదాకా ఏడ్చింది. కోటిరత్నానికి కూడా కళ్ళు చెమర్చాయి. "ఎంత సంబరపడిపోయిందో చూడండి, పిచ్చిది!" అంది మొగుడితో. నువ్వుల ముడి రైల్లోనే ఎప్పుడో విప్పి కిటికీలోంచి దులిపేసింది శ్రీశైలమ్మ.

గిద్దలూరుకు వచ్చాక కోటిరత్నం చిన్నత్తకు హంపీ చూపించిన సంగతి చెప్పని ఇల్లు లేదు. ఊరంతా ఆమెను మెచ్చుకుంది. శ్రీశైలమ్మ కూడా ఎవరడిగినా కమల మహలు గురించి చక్కగా చెప్పేది.

పసివాడికి బడికి వెళ్ళే ఈడు వచ్చాక శ్రీశైలమ్మ మంచం పట్టింది. కోటిరత్నం పక్కన కూర్చుని గంజి తాగిస్తూ, "ఏమన్నా కోరిక ఉంటే చెప్పు చిన్నత్తా" అంది. అప్పుడు చెప్పింది, ఒంట్లో దాచుకునే ఓపిక లేక. విన్న కోటిరత్నం చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"ఒక్క మాట అనకపోతివే! పక్కనే ఉండె గదా ఏరు!"

"పసిబిడ్డను ఎత్తుకోని ఉంటివి. ఆ బిడ్డ ముందర కాష్టం మాట ఎట్ల ఎత్తేది?" శ్రీశైలమ్మ ఆయాసపడుతూ ఆగింది. "మళ్ళ నువ్వు అంత ప్రేమగా చెయ్యి పట్టుకోని చూపిస్తా ఉంటివి. ఇడిపించుకోలేకపోతి రత్నం."

ఆ మంచం మీది నుంచి ఆమె లేవలేదు. తర్వాత కూడా ఇంటికి వచ్చినవాళ్ళెవరో ఒకరు, ఒక దిక్కులేని ముసలమ్మకు హంపీ అంతా చూపించిన పుణ్యాత్మురాలని కోటిరత్నాన్ని పొగుడుతూనే ఉండేవాళ్ళు. ఆ మాట వచ్చినప్పుడల్లా కోటిరత్నం లేచి లోపలికి వెళ్ళిపోయేది.