జిగేల్‌మనే ఆశీర్వాదం అన్న

మెరిసే వస్తువు కంటపడితే చాలు, దాన్ని రంగుగుండ్లు పేల్చుకునే పెయింట్‌బాల్ ఆటకు సామగ్రిగా మార్చేదాకా మా ఆశీర్వాదం అన్నకు అన్నం సహించేది కాదు. పాత సీడీలు, స్కూటర్ అద్దాలు, చిప్స్ ప్యాకెట్ల లోపలి వెండి రంగు, ఏదైనా సరే. నాచారంలో ఫిట్టరు పని. ఆదివారం చర్చి అయ్యాక ఉప్పల్ అవతలి మైదానంలో మా జట్టుకు నాయకత్వం.

మేమంతా ఆకుపచ్చ చొక్కాలతో పొదల్లో నక్కితే, అన్న ఒంటినిండా సీడీలు కుట్టుకుని వచ్చేవాడు.

"గిదేందన్నా? దాక్కునే ఆట కదనే!" అన్నాను.

"ఎండ తగిల్తే వాళ్ల కండ్లు జిగేల్‌మంటయ్ కళ్యాణ్. మనం కనవడం."

మేం కనపడకపోవడం నిజమే. అన్న మాత్రం లాలాపేట్ ఫ్లైఓవర్ దాకా కనపడేవాడు. అవతలి జట్టు జెండా పీకితే గెలుపు, రంగుగుండు ఒక్కటి తగిలితే ఔటే. కానీ అన్నను చూస్తే అవతలి జట్టుకు ఒక్క గుండుతో ఆశ తీరేది కాదు.

ఇక నా సంగతి. బండి మీంచి పడ్డాక నా మోకాలు సరిగా వంగదు, పరిగెత్తలేను. అవతలివాళ్ల జెండా ఒక్కసారైనా పీకాలని మాత్రం మహా కోరిక. పొద దాటకముందే ఔటయ్యేవాణ్ణి.

ఇంతలో అన్న పనిచేసే కంపెనీ పుణెకు తరలింది, అన్నకూ పోక తప్పలేదు. ఆఖరి ఆట సాయంత్రం పడింది. అన్న ఇంటి క్రిస్మస్ నక్షత్రాన్ని నెత్తికి కట్టుకుని దిగాడు, లోపల బల్బులు, జేబులో బ్యాటరీ.

"వదిన ఏమంటలేదా?"

"డిసెంబర్ దాక ఫికర్ లేదు."

నేను కుంటుతూ లేచానో లేదో, అన్న నక్షత్రం వెలిగించి మైదానం నడిమధ్యకు పోయి నిలబడ్డాడు. తుపాకులన్నీ అటే తిరిగాయి. నేను తాపీగా నడుచుకుంటూ వెళ్లి జెండా పీకాను.

మర్నాడు వీడ్కోలు చెప్పడానికి వెళ్తే సారమ్మ వదిన అన్న చొక్కాకు అంటిన రంగు రుద్దుతోంది.

"నీ మోకాలు ఎప్పుడు తగ్గుతది తమ్మీ? నువ్వు లేస్తే సాలు, గీయన ముంగట వోయి నిలవడ్తడు. నాకేమో ఉతుక్కునుడు!"

"ఏ, వైరు లూజుండె, సరిజేద్దామని నిలవడ్డ," అంటూ అన్న మాట మార్చాడు.

అన్న లేని ఆదివారాలు ఎంత చప్పగా ఉంటాయో చెప్పలేను. దుకాణం ముందు ఒక సీడీ వేలాడుతూ మెరిసినా అన్నే గుర్తొస్తాడు.

మొన్న ఆదివారం అన్న వదిలి వెళ్లిన సీడీల చొక్కా తొడుక్కుని మైదానం మధ్యలో నిలబడ్డాను. ఆట అయ్యాక, రంగు కారుతుండగానే వీడియో కాల్ చేశాను.

"ఎవలికోసం రా?" అన్నాడు అన్న, చూడగానే.

"కొత్తగొచ్చింది, షైనీ అని. ఉరికితే దమ్మొచ్చి ఆగిపోతదన్నా ఆ పిల్ల."

"జెండా పీకిందా?"

"పీకింది."

అన్న ఫోనులోంచి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మంచిగ మెరిసినవ్. గని ఒక్కపారి వెన్కకు తిరుగు, వీపు దిక్కు సీడీలు అన్ని ఉన్నయో లేవో లెక్కవెడ్త."