పీత పట్టు

అమలాపురంలో బాలికల కబడ్డీ జిల్లా ఎంపికలకు నన్ను రిఫరీగా వేసినప్పుడు నా సర్వీసు ఇంకో ఆరు నెలలు మిగిలి ఉంది. నవంబరు నెల, సార్వా వరి కోతల రోజులు. అప్పటికి నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయినిని. డ్రిల్లు టీచరంటే తేలిగ్గా చూసేవాళ్ళకు ఒక మాట చెబుతాను. లెక్కల మాస్టారు తప్పు చేస్తే మార్కులు పోతాయి. మేం తప్పు చేస్తే కాళ్ళు పోతాయి.

రిఫరీ పనంటే విజిల్ ఊదడమే అనుకుంటారు చాలామంది. కోర్టుకు రెండు పక్కలా ఇద్దరు అంపైర్లు గీతలు చూస్తారు. తగవు వస్తే ఆఖరి మాట రిఫరీది. పచ్చ కార్డు చూపిస్తే హెచ్చరిక. పసుపు అయితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎరుపు అయితే ఆ మ్యాచ్‌లోకి మళ్ళీ రావడం ఉండదు. ఇదంతా పుస్తకంలోనే ఉంటుంది. పుస్తకంలో లేనిది చెవి. కబడ్డీలో కూతకు వెళ్ళిన పిల్ల అవతలివాళ్ళకు పట్టుబడ్డా సరే, కూత తెగకుండా మధ్య గీత అందుకుంటే బతికినట్టు. తెగితే ఔట్. అంచేత నొప్పి పుట్టినా ‘అమ్మా’ అనడానికి లేదు. కాలు విరుగుతున్న పిల్ల కూడా కబడ్డీ కబడ్డీ అనే అంటుంది. ఆ కూతలో అమ్మా అన్న మాట ఎక్కడుందో పట్టుకోవడమే రిఫరీ పని.

ఇది నాకు ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు. నా మోకాలు చెప్పింది.

నాగమణీ నేనూ దిండి దగ్గర ఒకే ఊరి పిల్లలం, ఒకే బడి. గోదావరి పాయ ఒడ్డున ఇసుకలో ఆడేవాళ్ళం. కూతకు వచ్చినదాని కాలును మన రెండు కాళ్ళ మధ్య ఇరికించి, మెలితిప్పి పడేయడాన్ని మేం పీత పట్టు అనేవాళ్ళం. పీత పట్టిందంటే వదలదు కదా. నిబంధనల్లో దాని పేరు కత్తెర, పట్టకూడదు. ఆ నిబంధనలు మాకెవరు చూపించారు! పీత పట్టు పడితే ఒడ్డున ఉన్నవాళ్ళంతా ఈలలు వేసేవారు. దాన్ని ఒకరి కాలు మీద ఒకరం సాధన చేశాం. మా మధ్య ‘ఏమే’, ‘ఒసేయ్’ తప్ప ఇంకో పిలుపు లేదు.

డిగ్రీకి నేను రాజోలు, అది కొత్తపేట. కాలేజీల పోటీలో ఎదురెదురు జట్లలో నిలబడ్డాం. నేను కూతకు వెళ్ళాను. నా కుడికాలు దాని కాళ్ళ మధ్య పడింది. కీలులో ఏదో పటుక్కుమంది. నేను కూత ఆపలేదు. చెయ్యి చాచి గీత ముట్టుకున్నాను. పాయింటు నాదే అయింది, మోకాలు మాత్రం మళ్ళీ నాది కాలేదు. బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది నాగమణి. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అది ఆడింది తొండి అనే నా మనసులో ముద్ర పడిపోయింది.

తర్వాత ఇద్దరం వ్యాయామోపాధ్యాయినులమే అయ్యాం. ఏటా ఆటల పోటీల్లో కలుస్తూనే ఉన్నాం. “భారతి గారూ, బాగున్నారాండీ?” అనేది. “ఆయ్, బాగున్నామండీ,” అనేదాన్ని. మా గోదావరి మర్యాదతో మనిషిని ఎంత దూరమైనా పెట్టవచ్చు. జుట్లు పట్టుకుని తిట్టుకుని ఉంటే ఏనాడో కలిసిపోయేవాళ్ళం.

ఆ రోజు ఆఖరి మ్యాచ్‌లో ఒక జట్టు నాగమణిది. దాని జట్టులో దుర్గ అనే పిల్ల ఉంది. కాళ్ళు పట్టడంలో దిట్ట. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. జిల్లా జట్టులో చోటు దొరికితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది, చదువు సాగుతుంది. లేకపోతే పదో తరగతితో సరి. ఈ సంగతి గ్రౌండులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. రిఫరీకి తెలియకూడని సంగతులు చిన్న ఊళ్ళలో ఉండవు.

మట్టి కోర్టు. ఇసుకా కొబ్బరి పొట్టూ కలిపి మెత్తగా చేశారు. రెండో సగంలో అవతలి జట్టు నుంచి జ్యోతి అనే పిల్ల కూతకు వచ్చింది. దుర్గ దాని చీలమండ అందుకుంది. అది న్యాయమైన పట్టే. జ్యోతి లాగింది, మిగతా పిల్లలు మీద పడ్డారు, ఆ గుంపులో దుర్గ కింద పడి రెండు కాళ్ళూ బిగించింది. ధూళిలో నాకు కాళ్ళు సరిగ్గా కనబడలేదు. కూత వినిపించింది. అంతవరకూ గుండ్రంగా వస్తున్న కబడ్డీ కబడ్డీ ఒక్కసారిగా సన్నబడి పైకి లేచింది. ఆ గొంతు నాకు తెలుసు. అది నా గొంతే.

విజిల్ వేశాను. ఫౌల్ అన్నాను, రైడర్ జ్యోతి ఔట్ కాదన్నాను. జ్యోతి లేచి నాలుగడుగులు కుంటి, తర్వాత మామూలుగానే నడిచింది. నా ప్రాణం కుదుటపడింది. గ్రౌండు మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది. నడిచే పిల్లకు దెబ్బేంటి, ఫౌలేంటి అని ఒక పక్క కేకలు. తొండి, తొండి, ఎరుపు కార్డు ఇవ్వాలని ఇంకో పక్క. వెనకనుంచి మా పాత సంగతి తెలిసినవాళ్ళెవరో అన్న మాట నా చెవిన పడనే పడింది: “అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తందిరా ఈవిడ!”

ఆ మాట గుచ్చుకుంది. ఎరుపు ఇస్తే దుర్గ ఎంపిక అక్కడితో ఆఖరు, నేను పాత పగ తీర్చుకున్నట్టు. ఇవ్వకపోతే పగ లేదని చూపించుకోవడానికి వదిలేసినట్టు. ఇంతలో నాగమణి గీత దాకా వచ్చింది. గీత దాటలేదు, కోచ్ దాటకూడదు.

“రిఫరీ గారండీ, అది కత్తెర కాదండీ. పీత పట్టండీ. మనూళ్ళో ఆడేవాళ్ళం కదండీ.”

“ఆయ్. తెలిసే విజిల్ వేసేనండీ,” అన్నాను.

కార్డు చూపించే ముందు దుర్గను దగ్గరకు పిలిచాను. అలా అడగాలని నిబంధనేం లేదు, అడగకూడదనీ లేదు. ఈ పట్టు ఎవరు నేర్పారని అడిగాను.

“ఎవరూ నేర్పలేదండీ. మా మేడం గారు పట్టొద్దనే చెప్పేరండీ. ఏటా కొత్త పిల్లలందరికీ కింద కూచుని మరీ చూపిస్తారండీ. ‘ఇలా పట్టకండే, నేను ఇలాగే పట్టి మా భారతి కాలు తీసేసేను’ అంటారండీ. మీద అందరూ పడిపోయేసరికి నా కాళ్ళు అలా ఎల్లిపోయేయండీ.”

ఆ భారతి ఎవరో దానికి తెలియదు. పిల్లలకు నేను రిఫరీ గారినే.

‘మా భారతి’ అట. ఇన్నేళ్ళూ నేను గోడవైపు తిరిగే ఉన్నాను. నాగమణి ఎవరెవరి పిల్లల ముందో ఏటా కింద కూర్చుని నా పేరు చెప్పుకుంటోంది. విజిల్ మెడలో ఉన్నప్పుడు ఏడవడానికి లేదు కాబట్టి పసుపు కార్డు తీశాను. దుర్గ రెండు నిమిషాలు బయట కూర్చుంది. తిరిగి వచ్చాక చీలమండ పట్లు తప్ప ఇంకేం పట్టలేదు. కేకలు వేసిన రెండు పక్కలవాళ్ళూ నన్ను తిట్టుకున్నారు. రిఫరీకి అది మామూలే. ఎంపిక నా చేతిలో లేదు, సెలెక్టర్లది. సాయంత్రం చదివిన పేర్లలో జ్యోతి ఉంది, దుర్గ కూడా ఉంది.

కొత్తగా రిఫరీ పరీక్ష రాసేవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, అలాంటి పట్టు తొండి అనుకోవాలా, ఆటలో భాగం అనుకోవాలా అని. తప్పా కాదా అన్నది పట్టుబడిన పిల్ల గొంతు చెబుతుంది. కార్డు ఏదన్నది పట్టిన పిల్లను చూసి తేల్చాలి. ఈ రెండూ కలిపేస్తే రిఫరీ పని పాడవుతుంది. ఇంకొకటి, అది కోచ్‌లకు: చూపించి వద్దనడం కూడా నేర్పడమే.

పిల్లలు బస్సుల కోసం వెళ్ళిపోయారు. పొద్దు వాలుతోంది. నేను నా సంచీ సర్దుకుంటుంటే నాగమణి కోర్టు అవతలి సగంలో మరిచిపోయిన నీళ్ళ సీసాలు ఏరుతోంది. ఖాళీ కోర్టు వైపు చూశాను. ఎన్ని మ్యాచ్‌లకు విజిల్ వేసినా నాకు కావలసింది అది కాదు. ఒక్క కూత. గుండె నిండా గాలి పీల్చి, గీత దాటి, అవతల ఎవరో నా కోసం చేతులు చాచి వంగి ఉండగా వెళ్ళే ఒక్క కూత.

సంచీ కింద పెట్టాను. గీత దగ్గరికి వెళ్ళి కబడ్డీ అన్నాను.

నాగమణి తలెత్తి చూసింది. సీసాలు వదిలేసి నిలబడింది. నేను కుంటుకుంటూ గీత దాటాను, కూత పెడుతూ దాని దగ్గరదాకా వెళ్ళాను. అది చేతులు వెనక్కి పెట్టుకుంది.

“వద్దండీ, భారతి గారూ,” అంది. కళ్ళ నిండా నీళ్ళు.

పట్టవే అందామనుకున్నాను. అంటే కూత తెగుతుంది. అందుకని ఇంకాస్త ముందుకు జరిగి దాని భుజం తట్టి అక్కడే నిలబడ్డాను, కబడ్డీ కబడ్డీ అంటూనే. అది నన్ను నడుం దగ్గర రెండు చేతులా చుట్టేసింది.

“చాల్లేవే, ఆపవే ఇంక,” అంది నా భుజం మీద తల పెట్టి.

నేను ఆపలేదు. ఆపితే ఔట్ కదండీ.