రహీమా అక్క బాల్కనీ

కోవిడ్ భయం తగ్గిన మరుసటి సంవత్సరం, నెల్లూరు నుంచి ఇందుకూరుపేట వైపు పోయే దారిలో, ఊరి చివర క్రికెట్ స్టేడియం పని మొదలైంది. నేను సివిల్ ఇంజినీరును. ఇళ్ళకు ప్లాన్లు గీయడం, అనుమతులు తెప్పించడం, కట్టుబడి దగ్గరుండి చూసుకోవడం నా వృత్తి. అప్పటిదాకా ఆ చుట్టుపక్కల వీధుల్లో నాకు పెద్దగా పని ఉండేది కాదు. స్టేడియానికి పునాదులు పడ్డాక ఆ వీధులన్నిటికీ ఒకేసారి నాతో పని పడింది.

ముందు మారింది రోడ్డు. వెడల్పు చేసి, ఎత్తు పెంచారు. దాంతో పాత ఇళ్ళ ప్లింత్, అంటే లోపలి గచ్చు ఉండే మట్టం, రోడ్డు కంటే కిందికి పోయింది. వానొస్తే వీధిలో నీళ్ళు నట్టింట్లోకి వచ్చేవి. ఎలాగూ పడగొట్టి కట్టాలి కాబట్టి అందరూ మేడలే అడిగారు. "గ్రౌండు కనపడేట్టు బాల్కనీ రావాల మేడం" అన్నది అందరి మొదటి కోరిక. బాల్కనీకి గాజు రెయిలింగు, మ్యాచ్‌లకు వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే గది, కింద కార్లకు చోటు. వంటిల్లు ఎక్కడన్న సంగతి నేను గుర్తుచేస్తే తప్ప మాటల్లోకి వచ్చేది కాదు.

ఖాదర్ బాషా కూడా అదే కోరికతో వచ్చాడు. ఆయన వడ్రంగి. తలుపులు, మంచాలు, కుర్చీలు చేస్తాడు. ఆ కుర్చీలకు కేన్ అల్లేది ఆయన అక్క రహీమా. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు జబ్బు చేసి రెండు కళ్ళూ పోయాయి. తండ్రి కట్టిన ఆ ఇంట్లోనే తమ్ముడి కుటుంబంతో కలిసి ఉంటోంది.

ఆయన చెప్పినట్టే ప్లాన్ గీశాను. పై అంతస్తులో ముందువైపు బాల్కనీ గది అద్దెకు. కింద వెనకవైపు రహీమాకు. ప్లాన్ వివరించడానికి వాళ్ళ కొట్టుకు వెళితే ఆమె ఒక మూల కూర్చుని కుర్చీ అల్లుతూ అంతా వింది.

"ఇంజినీరమ్మా, పైన ముందర గది ఎవరిది?"

"అద్దెకిచ్చేదక్కా."

"అది నాకియ్యమను."

ఖాదర్ నవ్వేశాడు. "చూపు లేనిదానివి, నీకు బాల్కనీ ఎందుకక్కా?"

అన్నాక గానీ ఆ మాట ఎలా తగులుతుందో ఆయనకు తెలియలేదు. రహీమా చేతులు ఆగిపోయాయి.

"చూసేదానికి కాదురా. వినేదానికి," అంది. "చిన్నప్పట్నించి నాయన పక్కన కూర్చోని రేడియోలో కామెంట్రీ విన్నా. ఇయ్యాల ఆట మన వీధి చివరికే వచ్చింది. నన్ను ఎనక గదిలో పెడతావా?"

"పడితే ఎట్ట?" అన్నాడు ఖాదర్. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అంతకు ముందు ఆమె పాత ఇంటి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తింది ఆయనే. "కింద్నే ఉండు. మెట్లు లేవు, గోల లేదు. నీ మంచికే చెప్తా ఉండా."

ఇల్లు పడగొట్టి, అదే వీధిలో అద్దెకు దిగారు. ఆ అద్దె ఇంట్లో అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆమె కొట్టుకు రావడం మానేసింది. అల్లకం లేని కుర్చీలు వరసగా ఉండిపోయాయి. ఇల్లు పూర్తయ్యాక గూడూరులో చిన్నాన్న కూతురి దగ్గరికి పోతానని కబురు చేసింది. ఒకే ఇంట్లో ఉంటూ తమ్ముడికి కబురు! ఆ సంగతి ఖాదరే నాతో చెప్పుకున్నాడు. అయినా గది సంగతి మాత్రం ఎత్తలేదు.

కింది అంతస్తు స్లాబ్ పడి, కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగు చెక్కలు ఊడదీశాక, పైన మార్కింగ్ పెట్టుకున్నాం. ఏ గది ఎక్కడ వస్తుందో స్లాబ్ మీద సున్నంతో గీసే పని అది. ఆ ఉదయం రహీమా వీధిలో గోడలు తడుముకుంటూ సైటుకు వచ్చింది.

"ఒక్కసారి పైకి తీసకపో ఇంజినీరమ్మా. గోడలు లేవకముందే ఒకసారి నిలబడి పోతా."

స్లాబ్ అంచున తాత్కాలికంగా అడ్డు కట్టిన వెదుళ్ళు గట్టిగానే ఉన్నాయి. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. బాల్కనీ రావలసిన చోట నిలబెట్టి, చేతికి వెదురు అందించాను. సముద్రం వైపు నుంచి గాలి విసురుగా కొడుతోంది. స్టేడియం ఇంకా పూర్తి కాలేదు కానీ పక్కనే ప్రాక్టీసు నెట్స్‌లో కుర్రాళ్ళు ఆడుకుంటున్నారు. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు టక్కున వినిపించింది. ఆమె ముఖం అటు తిరిగింది. ఇంకో బంతి. ఎవరో కేకేశారు. ఆమె చిన్నపిల్లలా పకపకా నవ్వింది.

అప్పుడే ద్వారబంధం కొలతకని ఖాదర్ పైకొచ్చాడు. అక్కను అంచు దగ్గర చూసి, "అక్కా!" అని అరిచాడు.

ఆమె వెదురు వదల్లేదు.

"దెబ్బ తగలకుండా చూస్తా ఉండావు, సరే. సంతోషం కూడా తగలకుండా చూస్తే ఎట్ట ఖాదరా?"

ఖాదర్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తనూ వెదురు పట్టుకుని నెట్స్ వైపు చెవి పెట్టాడు. తర్వాత చెయ్యి పట్టుకుని దింపి తీసుకెళ్ళాడు.

మర్నాడు నాకంటే ముందే సైటులో ఉన్నాడు.

"మేడం, బాల్కనీ పిట్టగోడ రొమ్ము ఎత్తున పెట్టచ్చా?"

"పెట్టచ్చు. మరి గాజు?"

"గాజొద్దు. చేతికి పట్టుండదు. పైన పట్టుకునేదానికి టేకు కమ్మీ నేనే చేస్తా."

అక్కడి నుంచి ఇద్దరం కూర్చుని ఆ గదిని మళ్ళీ గీశాం, ఈసారి రహీమాను మధ్యలో పెట్టుకుని. వాన నీళ్ళు గదిలోకి రాకుండా బాల్కనీ గచ్చును గది కంటే కాస్త దించి కట్టడం మామూలు. ఆ చిన్న తేడా ఆమె కాలికి అడ్డం. రెండూ ఒకే మట్టంలో పెట్టి, బయటికి వాలు ఇచ్చి, నీళ్ళు అంచున కాలవలోకి పోయేలా చేశాం. పక్కకు జరిపే గాజు తలుపు సగమే తెరుచుకుంటుందని, బార్లా తీసే చెక్క రెక్కల తలుపులు అడిగింది. కింది గడప నుంచి మెట్ల మీదుగా బాల్కనీ దాకా ఎక్కడా తెగకుండా ఒకటే కమ్మీ. ఖాదర్ దాన్ని చేత్తో పదే పదే తడిమి చూసుకుంటూ నునుపు పెట్టాడు. అద్దె గది కింద వెనక్కి పోయింది.

స్టేడియం పూర్తయ్యేలోపు వీధికి అవతల, స్టేడియం వైపున్న వరసలోనూ ఇళ్ళు లేచాయి. ఒకరు రెండంతస్తులు వేస్తే పక్కవాళ్ళు మూడు వేశారు. మొదటి మ్యాచ్ నాటికి రహీమా వాళ్ళ వరసలో ఏ బాల్కనీ నుంచి చూసినా గ్రౌండు గడ్డి పరక కనపడలేదు. ఎదురింటి గోడలు, వాటి మీద నీళ్ళ ట్యాంకులు. ఎదురెదురు గాజు రెయిలింగులకు జనం పరదాలు కట్టుకున్నారు. ఇంత పెట్టి కట్టి ఏం లాభమని కొందరు నా ముందే వాపోయారు.

ఆ మ్యాచ్ రోజు మధ్యాహ్నం నేను ఖాదర్ ఇంటికి వెళ్ళాను. రహీమా బాల్కనీలో తను అల్లిన కుర్చీలోనే కూర్చుని ఉంది. ఒక చెవిలో ఫోన్ కామెంట్రీ, రెండో చెవి స్టేడియానికి. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఉన్నట్టుండి జనం హోరు ఇళ్ళ మీదుగా వచ్చి పడింది. ఖాదర్ మునివేళ్ళ మీద లేచి, మెడ సాచి, ఎదుటి గోడ తప్ప ఏమీ కనపడక వెనక్కి తిరిగాడు.

"ఏమైందక్కా? ఎవరు ఔటు?"

"ఉండరా, చెప్తా. ఇట్ట వచ్చి కూర్చో," అంది ఆమె.

అప్పటి నుంచి ప్లాన్ మీద ఏ గదికీ పేరు రాసేముందు అందులో ఉండబోయే మనిషిని పిలిపించి అడుగుతున్నాను. ఆ మనిషికి ఏది మంచిదో ఇంట్లో ఎవరైనా చెబుతారు. ఏది ఇష్టమో ఆ ఒక్కరే చెప్పగలరు.