అప్పలరాజు రక్తం చెప్పిన నిజం

ఇరవై ఏళ్ల కిందట ఆటోనగర్ వర్క్‌షాపులో నేను సూపర్‌వైజర్‌ని. ఒకరోజు క్రేన్ కొక్కెం ఊగివచ్చి వెల్డర్ అప్పలరాజు తలకు తగిలింది. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు.

"తల తిరిగిపోతంది బావా, నిలబడలేకపోతన్నాను" అన్నాడు వారం తర్వాత.

"ఏటి బావా, కొత్త పెళ్లికొడుకులా ఎన్నాళ్లు కూకుంటావ్?" అని వెక్కిరించి, నటిస్తున్నాడు, పనిలోంచి తీసేయమని ఓనరుకు చెప్పాను.

దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రిలో అతన్ని చూసిన డాక్టరమ్మ తన పరిశోధన కోసం అతని రక్తం తీసిందట. "మెదడు కణాలు నలిగితే వాటి ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. ఇతనికి ఎక్కువుంది. కోలుకోడానికి మూడు నెలలు పట్టొచ్చు" అని ఓనరుకు చెప్పింది. స్కానింగ్‌కు చిక్కనిది చిన్న సీసాడు రక్తంలో దొరికింది. అతని ఉద్యోగం నిలిచింది. నాలుగో నెలలో మళ్లీ పనిలోకొచ్చాడు.

కొక్కెం తగిలిన రోజు నట్లు పోసుకోడానికి అతని హెల్మెట్ తీసుకున్నది నేనే. రక్తం మొదటి రోజే నిజం చెప్పింది. నాకు ఇరవై ఏళ్లు పట్టింది.