పెద్ద తొట్టిలో నీరు పండేలోపు

ఎదురింటి మాస్టారు పోయారన్న వార్త నాకు ఇంటర్‌కమ్‌లో గేటు దగ్గరి గార్డు చెప్పాడు. మా రెండు గుమ్మాల మధ్య ఉన్నది ఒక చిన్న నడవా. తెల్లవారుజామున గుండె ఆగిన ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్తున్నప్పుడు నన్ను నిద్ర లేపవద్దని ఆయన భార్య అన్నారట. ఈ వయసులో ఇటువంటి వార్తలకు ఆశ్చర్యం రాదు, అలసట వస్తుంది.

ఆయన కాకినాడ వైపువారు. ఢిల్లీలో ఒక బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. సాకేత్‌లోని మా అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే నేను ఉప్పునీటి చేపలు పెంచుతానంటే నవ్వనివారు ఆయనొక్కరే. సముద్రం లేని ఊళ్లో నీళ్లలో ఉప్పుపొడి కలిపి సముద్రాన్ని తయారుచేసుకోవాలి. నా చిన్న అక్వేరియంలో తెల్లచారల నారింజరంగు చేపలు రెండు ఉండేవి. వేసవిలో కరెంటు పోతే ఆ కొద్దినీరు ఇట్టే వేడెక్కేది.

"చిన్న తొట్టిలో తప్పుకు చోటుండదండి, మేడమ్ గారూ. పెద్దదైతే కాస్త ఓర్చుకుంటుంది," అన్నారు మాస్టారు ఒకరోజు.

కొత్తది నా పింఛనుకు అందేది కాదు. మేనల్లుడు కొనిపెడతానన్నాడు, వద్దన్నాను. మాస్టారు నాతో వాదించలేదు. బదిలీ మీద వెళ్లిపోతున్న కుటుంబం తమ పాత తొట్టిని అమ్ముతోందని కనుక్కుని నన్ను మెట్రోలో గురుగ్రామ్ తీసుకువెళ్లారు. బేరానికి ముందు దాన్ని నీళ్లతో నింపమన్నారు. నమ్మకం లేదా అంకుల్ అని ఆ ఇంటి యువకుడు హిందీలో నొచ్చుకుంటే, నీ మీద ఉంది బేటా, జిగురు మీదే లేదు అని ఆ భాషలోనే జవాబిచ్చారు. ఒక అతుకు చెమ్మగిల్లింది. ధర తగ్గింది. ఆ అతుకును ఆయనే తమ బాల్కనీలో కూర్చుని మళ్లీ అతికించారు.

నీళ్లు నింపిన రోజున నేను నిండు బకెట్ ఎత్తబోతుంటే ఆయన అందుకోలేదు. "మీరే మోయండి. కాకపోతే సగమే నింపండి," అన్నారంతే. నా చేతిలోంచి బరువు లాగేసుకున్నవారిని జీవితంలో ఎందరినో చూశాను. బరువును నా చేతిలోనే ఉంచి, దాన్ని తగ్గించినవారు ఆయన.

తరువాత నీరు పండాలి. చేపల మలినాన్ని హరించే సూక్ష్మజీవులు రాళ్లకు పట్టడాన్ని ఆయన అలా అనేవారు. అందుకు వారాలు పడుతుంది. ఆ వారాల మధ్యలోనే ఆయన వెళ్లిపోయారు.

కర్మ అయ్యాక ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. చిన్న తొట్టిలో ఒక చేప అడుగున పడి ఎగరోజుతోంది.

"వీటిని షాపువాడికి ఇచ్చేయకూడదూ, వదినగారూ? ఇప్పుడెందుకండీ మీకీ తిప్పలు?"

దాదాపు సరేననబోయాను. పాత నీటిలో ఉంచితే అవి సాయంత్రం దాటవు. పెద్ద తొట్టిలో నీరు పండకపోయి ఉంటే, అందులోనూ బతకవు. గాజుగొట్టంలో ఆ నీరు తీసుకుని మందుచుక్కలు వేశాను. పసుపైతే పండినట్టు, ఆకుపచ్చగా మారితే ఇంకా విషమున్నట్టు. కంట్లో శుక్లాలతో ఆ రెండు రంగులూ నాకు ఒకటే. ఇన్నాళ్లూ రంగు చెప్పింది మాస్టారే. ఎవరినీ ఏదీ అడగని నేను గొట్టాన్ని ఆవిడకు అందించి, ఏ రంగో చెప్పమన్నాను.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

"పసుపేనండి. ఆయన నన్ను పిలిచి ఈ రంగులు చూపించేవారు. వంటపనిలో ఉండి నేనెప్పుడూ సరిగా చూడలేదు."

"మరొక్కసారి చూడండి."

"పసుపే, వదినగారూ."

చేపలకు కొత్త నీటిని గ్లాసుతో కొద్దికొద్దిగా పోసి అలవాటు చేసి, రెంటినీ పెద్ద తొట్టిలోకి వదిలాం. చీకటి పడుతుండగా కరెంటు వచ్చింది. పడిపోయిన చేప నెమ్మదిగా లేచి రెండవదాని పక్కకు చేరింది. అవి ఒక మూలనే, పాత తొట్టి ఎంత వెడల్పో అంత మేరలోనే, అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆవిడ నేల మీద కూర్చుని చూస్తున్నారు. మిగిలిన నీరంతా దీపపు వెలుగులో ఖాళీగా మెరుస్తోంది.